ఖరగ్‌పూర్ తెలుగువారి నిత్య న్యాయ సందేహాలు: న్యాయవాదిని ఎప్పుడు సంప్రదించాలి?

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌తో, రైల్వే కాలనీలతో జీవితాలను పెనవేసుకున్న తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో నేటికీ పెద్దసంఖ్యలో ఉన్నాయి. తాతలు ఉత్తరాంధ్ర, కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడగా, మూడో తరం, నాలుగో తరం వారు ఇక్కడే పుట్టి పెరిగారు. ఉద్యోగం కేంద్ర ప్రభుత్వానిది, నివాసం బెంగాల్‌లో, వారసత్వ భూమి ఆంధ్రలో. ఈ మూడింటి నడుమ తలెత్తే న్యాయ సమస్యలు స్వరాష్ట్రంలోని తెలుగువారి సమస్యలకు కొంత భిన్నంగా ఉంటాయి. చేతికందే నోటీసు బెంగాలీలోనో, హిందీలోనో, ఆంగ్లంలోనో ఉంటుంది. తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపినప్పటికీ, కోర్టు కాగితం తెలుగులో వస్తుందని ఆశించలేము.

న్యాయ సమస్యలన్నిటికీ న్యాయవాది అవసరం లేదు. కొన్నింటిని పౌరుడు స్వయంగా పరిష్కరించుకోవచ్చు. మరికొన్నింటిలో ఒక్కరోజు ఆలస్యమైనా హక్కు చేజారిపోతుంది. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించేందుకు ఉపకరించే సమాచారం ఇది.

ముందుగా చూడవలసినది గడువు

చట్టపరమైన కాగితం ఏది అందినా మొదట చూడవలసినవి మూడు: దానిని ఎవరు పంపారు, ఏమి కోరుతున్నారు, ఏ తేదీలోగా బదులివ్వాలి. కాగితం అందిన తేదీని దానిపైనే రాసి, కవరును భద్రపరచాలి. గడువు లెక్కించేటప్పుడు ఆ కవరే సాక్ష్యమవుతుంది.

సివిల్ కోర్టు నుంచి సమన్లు అందితే 30 రోజుల్లోగా లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు దీనిని 90 రోజుల వరకు అనుమతించవచ్చు. హాజరుకాకుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ప్రతివాది వాదన వినకుండానే తీర్పు వెలువడే అవకాశం ఉంది. దానిని రద్దు చేయాలని కోరేందుకు సాధారణంగా 30 రోజులే గడువు. సమన్లు తీసుకోవడానికి నిరాకరిస్తే కేసు ఆగిపోతుందన్నది అపోహ. నిరాకరణను కూడా కోర్టు అందినట్లుగానే పరిగణించగలదు.

చేతిబదులుగా ఇచ్చిన డబ్బు వసూలుకు దావా వేయడానికి కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం సాధారణంగా 3 సంవత్సరాల గడువు ఉంటుంది. ఈలోగా లాయర్ నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు. అప్పు తీసుకున్న వ్యక్తి గడువులోగా కొంత సొమ్ము చెల్లించి సంతకం చేస్తే, లేదా అప్పు ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ తేదీ నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది.

పదవీ విరమణ తర్వాత రైల్వే క్వార్టర్

ఖరగ్‌పూర్‌లో తరచుగా వినిపించే ప్రశ్న ఇది. పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి సాధారణ అద్దెపై 4 నెలలు, ప్రత్యేక లైసెన్సు రుసుముపై మరో 4 నెలలు క్వార్టర్‌లో కొనసాగేందుకు అనుమతి పొందవచ్చు. ఆ తర్వాత కొనసాగితే అనధికార నివాసంగా పరిగణించి, నష్టపరిహారపు అద్దె విధిస్తారు. గ్రాట్యుటీ చెల్లింపు కూడా క్వార్టర్ ఖాళీ చేయడంతో ముడిపడి ఉంటుంది. కనుక ఖాళీ చేసిన రోజున ఆ మేరకు రసీదు తీసుకోవడం ఎంతో అవసరం.

అనధికార నివాసాల తొలగింపు ప్రభుత్వ ప్రాంగణాల (అనధికార నివాసితుల తొలగింపు) చట్టం, 1971 ప్రకారం జరుగుతుంది. రైల్వే భూమిలోని ఇళ్లకు, దుకాణాలకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. మొదట ఎస్టేట్ అధికారి సెక్షన్ 4 కింద కారణం చూపాలంటూ నోటీసు ఇవ్వాలి. జవాబు విన్న తర్వాతే సెక్షన్ 5 కింద తొలగింపు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుపై సెక్షన్ 9 కింద జిల్లా జడ్జికి అప్పీలు చేసుకునే గడువు 12 రోజులు మాత్రమే. పశ్చిమ మేదినీపూర్ జిల్లా కోర్టు మేదినీపూర్ పట్టణంలో ఉంది. ఇటువంటి వివాదాలపై సాధారణ సివిల్ కోర్టులో దావా వేసేందుకు ఈ చట్టం వీలు కల్పించదు. తెలియక సివిల్ దావా వేసి, అది తిరస్కరణకు గురయ్యేలోగా అప్పీలు గడువు కోల్పోయే ప్రమాదం ఉంది. అందుచేత సెక్షన్ 4 నోటీసు అందిన రోజునే న్యాయవాదిని కలవడం ఉత్తమం.

పింఛను, ఉద్యోగ వివాదాలు

పింఛను లెక్కలో పొరపాటు, కుటుంబ పింఛనులో జాప్యం, పదోన్నతి నిరాకరణ వంటి సమస్యలపై మొదట శాఖాపరంగా వినతిపత్రం ఇవ్వాలి. పింఛను అదాలత్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. సంబంధిత దస్త్రం ఏ దశలో ఉందో తెలుసుకునేందుకు సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసుకోవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఈ దశ వరకు న్యాయవాది అవసరం ఉండదు.

శాఖాపరంగా న్యాయం లభించకుంటే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అంటే క్యాట్‌ను ఆశ్రయించాలి. తుది ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి 1 సంవత్సరంలోగా దరఖాస్తు చేయాలి. వినతిపత్రానికి 6 నెలలు గడిచినా సమాధానం రాకుంటే, ఆ 6 నెలలు ముగిసిన నాటి నుంచి 1 సంవత్సరం లెక్కిస్తారు. ఒకే విషయంపై ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇస్తూ పోతే గడువు పెరగదు. మొదటి వినతిపత్రం ఇచ్చి 6 నెలలు పూర్తికాగానే న్యాయవాది సలహా తీసుకోవడం మేలు.

నామినీ విషయంలోనూ అపోహ ఉంది. బ్యాంకు ఖాతాకు లేదా బీమా పాలసీకి నామినీగా పేరున్నంత మాత్రాన ఆ వ్యక్తి సొమ్ముకు యజమాని కారు. వారసుల తరఫున సొమ్ము అందుకునే వ్యక్తి మాత్రమేనని సుప్రీంకోర్టు 1983లో శర్బతీదేవి కేసులో జీవిత బీమాకు సంబంధించి స్పష్టం చేసింది. బీమా చట్టానికి 2015లో జరిగిన సవరణ తర్వాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలుగా ఉన్న సందర్భంలో స్థితి కొంత మారింది. కుటుంబ పింఛను మాత్రం పింఛను నిబంధనలలో పేర్కొన్న అర్హులకే చెందుతుంది. వీలునామా ద్వారా దానిని మరొకరికి మళ్లించలేరు.

రైలు ప్రమాదాలలో పరిహారం

ఖరగ్‌పూర్ డివిజన్ పరిధి రెండు మహా విషాదాలను చూసింది. 2010 మే 28న ఝార్‌గ్రామ్ సమీపంలో జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన గూడ్సు రైలు ఢీకొనడంతో 140 మందికి పైగా మరణించారు. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. ఇటువంటి సందర్భాలలో ప్రకటించే ఎక్స్‌గ్రేషియా, చట్టబద్ధమైన పరిహారం వేర్వేరు. ఎక్స్‌గ్రేషియా అందుకున్నవారు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే హక్కును కోల్పోరు.

రైల్వేల చట్టం, 1989లోని సెక్షన్ 124 రైలు ప్రమాదాలకు, సెక్షన్ 124-ఎ ప్రయాణికుడు పొరపాటున రైలు నుంచి జారిపడటం, దోపిడీ, ఉగ్రవాద చర్య వంటి అవాంఛనీయ ఘటనలకు పరిహారం కల్పిస్తాయి. మరణానికి పరిహారం 2017 జనవరి 1 నుంచి 8 లక్షల రూపాయలు. రైల్వే తప్పు ఉన్నట్లు నిరూపించనవసరం లేదు. ఆత్మహత్య, మద్యం మత్తు, స్వీయ నేరపూరిత చర్య వంటి సందర్భాలలో సెక్షన్ 124-ఎ పరిహారం వర్తించదు. ఘటన జరిగిన నాటి నుంచి 1 సంవత్సరంలోగా దరఖాస్తు చేయాలి.

మృతుని వద్ద టికెట్ దొరకనంత మాత్రాన దరఖాస్తును తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2018లో రీనాదేవి కేసులో తీర్పునిచ్చింది. ప్రయాణ వివరాలతో కుటుంబం అఫిడవిట్ దాఖలు చేస్తే, అది నిజం కాదని నిరూపించే భారం రైల్వేపైకి మారుతుంది. ఈ కేసులలో న్యాయవాది తోడ్పాటు ఉపయోగకరం. అయితే ఖాళీ కాగితాలపై, ఖాళీ చెక్కులపై సంతకం చేయమని కోరే మధ్యవర్తులకు దూరంగా ఉండాలి.

ప్రమాదంలో గల్లంతైన వ్యక్తి మృతదేహం గుర్తించలేని పరిస్థితిలో కుటుంబానికి మరో కష్టం ఎదురవుతుంది. సహజంగా సమాచారం తెలియవలసిన బంధువులకు 7 సంవత్సరాల పాటు ఆ వ్యక్తి జాడ తెలియకుంటే, బతికే ఉన్నారని వాదించేవారే దానిని నిరూపించాలని సాక్ష్య చట్టం చెబుతోంది. ఈ ప్రాతిపదికన మరణించినట్లు ప్రకటించాలని సివిల్ కోర్టును కోరవచ్చు. ఇందుకు తొలిరోజే పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు ప్రతి ఆధారమవుతుంది. దానిని పోగొట్టుకోరాదు.

పోలీసు స్టేషన్‌కు వెళ్లవలసి వస్తే

2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. దీని సెక్షన్ 173 ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. విశాఖపట్నం, ఖరగ్‌పూర్ మధ్య రైలులో సామాను చోరీకి గురైతే, అది ఏ స్టేషన్ పరిధి అన్న తర్కంతో ఫిర్యాదును తిరస్కరించరాదు. రైళ్లలో, ప్లాట్‌ఫారాలపై జరిగే నేరాలను ప్రభుత్వ రైల్వే పోలీసులు దర్యాప్తు చేస్తారు. సాయం కోసం 139 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఫిర్యాదును ఎలక్ట్రానిక్ రూపంలో కూడా పంపవచ్చు. అయితే 3 రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా పంపాలి. అక్కడా ఫలితం లేకుంటే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించాలి. మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసే దశలో న్యాయవాది అవసరం.

ఫిర్యాదుదారుడు తన ఎఫ్‌ఐఆర్‌ను చదివించుకుని, అర్థం చేసుకున్న తర్వాతే సంతకం చేయాలి. భాష రాకుంటే తెలిసినవారిని వెంట తీసుకువెళ్లాలి. దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే సాక్షి వాంగ్మూలంపై మాత్రం సాక్షి సంతకం చేయనవసరం లేదు.

అరెస్టు అయితే అందుకు కారణం తెలుసుకునే హక్కు, నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని కోరే హక్కు రాజ్యాంగంలోని 22వ అధికరణం కల్పించినవి. అరెస్టు సమాచారాన్ని పోలీసులు బంధువులకు లేదా స్నేహితులకు తెలియజేయాలి. హాజరు కావాలంటూ నోటీసు అందినా, అరెస్టు జరిగినా వెంటనే న్యాయవాదిని పిలవాలి. ‘డిజిటల్ అరెస్టు’ అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్‌లో అరెస్టు చేశామంటూ డబ్బు అడిగితే అది మోసమే. ఖాతా నుంచి సొమ్ము పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఖాళీ చెక్కు, ప్రైవేటు అప్పు

అప్పు ఇచ్చేవారు హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు, పాస్‌బుక్ తీసుకోవడం వేతన జీవుల విషయంలో తరచుగా కనిపించే ఆచారం. ఇది ప్రమాదకరం. ఖాళీ చెక్కుపై స్వచ్ఛందంగా సంతకం చేసి ఇచ్చినా, అది బాకీ తీర్చేందుకు ఇచ్చినదేనన్న ఊహ చట్టపరంగా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో బీర్‌సింగ్ కేసులో పేర్కొంది. అది కాదని నిరూపించే భారం సంతకం చేసిన వ్యక్తిదే. బెంగాల్ మనీ లెండర్స్ చట్టం, 1940 ప్రకారం వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలి.

చెక్కు చెల్లకుంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద గడువులు కచ్చితంగా పాటించాలి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తర్వాత చెల్లింపునకు 15 రోజుల వ్యవధి ఉంటుంది. అప్పటికీ చెల్లించకుంటే తదుపరి నెలలోగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు చేయాలి. చెక్కు ఇచ్చినవారైనా, పుచ్చుకున్నవారైనా నోటీసు దశలోనే న్యాయవాదిని కలవాలి. జవాబివ్వకుండా ఊరుకోవడం ఎదుటివారికి బలమవుతుంది.

ఆంధ్రలోని భూమి, వాటా

‘మా తాతగారి భూమిలో వాటా కోసం ఖరగ్‌పూర్‌లో దావా వేయవచ్చా?’ అన్న ప్రశ్నకు సమాధానం: వీలుకాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 16 ప్రకారం స్థిరాస్తి ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే దావా వేయాలి. కనుక శ్రీకాకుళం జిల్లాలోని భూమికి ఆ ప్రాంతపు న్యాయవాదినే చూసుకోవాలి. అంతకుముందు ఈసీ, అడంగల్, 1-బి నకళ్లు సేకరించుకోవడం స్వయంగా చేయగల పని. ఆంధ్రప్రదేశ్ భూముల వివరాలను ‘మీ భూమి’ పోర్టల్‌లో చూడవచ్చు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన అంశం ఉంది. బెంగాల్‌లో హిందువులకు సంప్రదాయంగా వర్తించేది దాయభాగ ధర్మశాస్త్రం. దాని ప్రకారం తండ్రి జీవించి ఉండగా పిత్రార్జితంలో కుమారునికి జన్మతః హక్కు లేదు. తెలుగువారికి వర్తించే మితాక్షర ప్రకారం ఆ హక్కు పుట్టుకతోనే సంక్రమిస్తుంది. ఒక కుటుంబం మరో ప్రాంతానికి వలస వెళ్లినప్పుడు, స్థానిక ఆచారాన్ని స్వీకరించినట్లు రుజువు కానంతవరకు, తన వెంట తెచ్చుకున్న ధర్మశాస్త్రమే దానికి వర్తిస్తుందన్నది న్యాయస్థానాలు అంగీకరించిన సూత్రం. కాబట్టి బెంగాల్‌లో మూడు తరాలుగా ఉన్నంత మాత్రాన తెలుగు కుటుంబం దాయభాగ పరిధిలోకి వచ్చినట్లు కాదు.

కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణ ద్వారా దేశంలోనే ముందుగా కల్పించింది. అప్పటికే వివాహమైన వారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాలు, విక్రయాలకు భంగం కలగదు. పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చిన ఆడపడుచులు అన్నదమ్ములు పంపిన హక్కు విడుదల పత్రంపై సంతకం చేసే ముందు న్యాయవాదికి తప్పక చూపించాలి. రిజిస్టరైన విడుదల పత్రాన్ని తర్వాత రద్దు చేయించడం చాలా కష్టం.

ఊరిలోని బంధువుకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేటప్పుడు ఏయే అధికారాలు ఇస్తున్నారో స్పష్టంగా రాయాలి. పత్రాలను రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేసే అధికారం ఇవ్వాలంటే, ఇచ్చే వ్యక్తి నివసించే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రార్ వద్ద దానిని ధ్రువీకరింపజేసుకోవాలి. కేవలం జీపీఏ ఆధారంగా భూమి కొన్నవారికి యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ప్రొబేట్ విషయంలో బెంగాల్ నిబంధన చిరకాలం ఆంధ్రకు భిన్నంగా ఉంటూ వచ్చింది. అందుచేత ఆస్తి రెండు రాష్ట్రాలలో ఉన్నవారు వీలునామా రాసే ముందే న్యాయ సలహా తీసుకోవాలి.

న్యాయవాది లేకుండా చేయగల పనులు

వస్తువు లేదా సేవలో లోపంపై వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు 2 సంవత్సరాలు. చెల్లించిన మూల్యం 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు.

పిల్లలు పోషించని వృద్ధ తల్లిదండ్రులు 2007 నాటి చట్టం కింద సబ్‌డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు స్వయంగా దరఖాస్తు చేయవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు ఉల్లంఘిస్తే సెక్షన్ 23 కింద రద్దు చేయించుకునే వీలుంది. గృహహింసకు గురైన మహిళ తాను తాత్కాలికంగా నివసిస్తున్న చోట కూడా దరఖాస్తు చేయవచ్చు. అత్తవారింటి ఊరికి వెళ్లనవసరం లేదు. 181 నంబరు మహిళల సహాయానికి, 112 అత్యవసరానికి ఉన్నాయి.

ఫీజు కట్టలేనివారికి

న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవల సంస్థను నేరుగా గానీ, 15100 నంబరు ద్వారా గానీ సంప్రదించవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు అంతిమం, దానిపై అప్పీలు ఉండదు. పెండింగు కేసులో చెల్లించిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. అప్పీలు లేదు కనుక రాజీ షరతులను పూర్తిగా అర్థం చేసుకున్న తర్వాతే సంతకం చేయాలి.

న్యాయవాదిని కలిసేటప్పుడు

సంఘటనలను తేదీలవారీగా ఒక కాగితంపై రాసుకుని వెళ్లాలి. పత్రాల నకళ్లు ఇచ్చి, అసలు పత్రాలను తమ వద్దే ఉంచుకోవాలి. కోర్టులో దాఖలు చేయవలసి వచ్చి అసలు ఇస్తే రసీదు తీసుకోవాలి. తమకు ప్రతికూలమైన విషయాలను కూడా దాచకూడదు. క్లయింటు చెప్పిన మాటలను గోప్యంగా ఉంచే బాధ్యత న్యాయవాదిపై చట్టం మోపింది. ఫీజు ఎంత, అందులో ఏయే ఖర్చులు కలిసి ఉన్నాయి అన్నది ముందే అడగాలి. వచ్చే పరిహారంలో ఇంత శాతం ఇవ్వాలంటూ ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. వకాల్తాపై మాత్రమే సంతకం చేయాలి, ఖాళీ కాగితాలపై వద్దు.

కేసు దాఖలైన తర్వాత 16 అక్షరాలు, అంకెలతో కూడిన సీఎన్‌ఆర్ నంబరు అడిగి తీసుకుంటే, తదుపరి వాయిదా ఎప్పుడో ఈ-కోర్ట్స్ సేవల ద్వారా ఫోన్‌లోనే చూసుకోవచ్చు. న్యాయవాదిని మార్చుకునే స్వేచ్ఛ క్లయింటుకు ఎప్పుడూ ఉంటుంది. వృత్తిపరమైన దుష్ప్రవర్తనపై రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

క్లుప్తంగా చెప్పాలంటే, సమాచారం కోరడం, వినతిపత్రం ఇవ్వడం, హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయడం ఎవరైనా స్వయంగా చేయగలరు. కోర్టు సమన్లు, పోలీసు నోటీసు, తొలగింపు నోటీసు, చెక్కు నోటీసు అందినప్పుడు, స్థిరాస్తి హక్కును మార్చే పత్రంపై సంతకం చేయవలసి వచ్చినప్పుడు మాత్రం న్యాయవాదిని ముందుగా కలవాలి. చదవలేని భాషలో ఉన్న కాగితాన్ని చదివించుకోకుండా సంతకం చేయకపోవడం అన్నిటికంటే ముఖ్యం.

(ఈ వ్యాసం సాధారణ అవగాహన కోసం మాత్రమే. నిర్దిష్ట సమస్యలపై న్యాయవాదిని లేదా జిల్లా న్యాయ సేవల సంస్థను సంప్రదించగలరు.)